ఆన్‌లైన్‌లో పాత డీసీఎం అమ్మకానికి: 11 ఫొటోలు చూసి కొనాలో వద్దో తేల్చడం ఎలా?

తెలంగాణలో డీసీఎం అంటే ఎవరికీ కంపెనీ గుర్తుకురాదు. పెళ్లివాళ్లను తీసుకెళ్లే బండి డీసీఎం. మిర్చి బస్తాలతో ఏనుమాముల మార్కెట్‌కి పోయేది డీసీఎం. వినాయకుణ్ని నిమజ్జనానికి ఎక్కించేదీ డీసీఎమ్మే. ఆటో ట్రాలీ కంటే పెద్దగా, లారీ కంటే చిన్నగా ఉంటే చాలు, అది ఏ కంపెనీదైనా మనకి డీసీఎం. ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టే. కానీ అసలు డీసీఎం ఒకటుంది: ఢిల్లీ క్లాత్ మిల్స్ గ్రూపు, జపాన్ టయోటా కలిసి 1980ల్లో తెచ్చిన డీసీఎం టయోటా. ఆ కంపెనీ ఆ పేరుతో ఇప్పుడు లేదు, పేరు మాత్రం మన ఊళ్లలో మిగిలిపోయింది.

ఫోన్ల సైట్‌లో లారీ గోలేంటి అనుకుంటున్నారా? కారణముంది. మహబూబాబాద్ జిల్లా పెద్దవంగరలో ఉండే మా బాబాయి కొడుకు పోయిన నెల నాకొక లింక్ పంపాడు. కింద ఒక్కటే లైను: "అన్నా, గీ బండి మస్తుగుంది. జెర చూసి చెప్పు, రేపే టోకెన్ కొడ్త." లిస్టింగ్‌లో రాసింది ఇది: డీసీఎం టయోటా, 1988 మోడల్, యాంటిక్ పీస్, ఇంజిన్ కండిషన్, పేపర్లు క్లియర్, ధర 1,65,000, కొద్దిగా తగ్గుతుంది. మొత్తం 11 ఫొటోలు.

మావాడి ప్లాన్ ఏంటంటే, బండిని బాగు చేయించి తొర్రూరులో ఫుడ్ ట్రక్‌గా పెట్టడం. ఈ ఏడు మిర్చి అమ్మగా వచ్చిన దాంట్లోంచి బాబాయి ఇస్తానన్నది 2 లక్షలు. అంతకు మించి రూపాయి లేదు. కాబట్టి ఈ లిస్టింగ్‌ని నేను ఫోన్ రివ్యూ చేసినట్టే చేశాను, కాకపోతే బండి దగ్గరికి పోకుండా, చేతిలో ఉన్న ఫోన్‌తోనే. పాత జీపైనా, అంబాసిడరైనా, టాటా 407 అయినా ఇదే పద్ధతి మీకూ పనికొస్తుంది.

మార్కులు ఇలా పెట్టుకున్నా: కాగితాలకి 40, ఛాసిస్‌కి 30, పార్టులకి 20, ఇంజిన్‌కి 10. పెయింట్‌కి సున్నా. ఇంజిన్‌కి అంత తక్కువా అంటారేమో. బోర్‌కి వచ్చిన ఇంజిన్‌ని మెకానిక్ బాగు చేస్తాడు. చచ్చిపోయిన ఆర్‌సీని ఏ మెకానిక్కూ బతికించలేడు.

ముందు అది నిజంగా డీసీఎమ్మేనా?

మన దగ్గర డీసీఎం అని టైప్ చేసి వెతికితే వచ్చే లిస్టింగ్‌లలో చాలావరకు ఐషర్లే ఉంటాయి. అమ్మేవాళ్లు అబద్ధం చెప్తున్నట్టు కాదు, వాడుక అలా ఉంది. కానీ పాత బండి ప్రాజెక్ట్ మొదలుపెట్టేవాడికి ఈ తేడా చాలా పెద్దది. ఎందుకో చూడండి.

1980ల్లో చిన్న లారీల కోసం నాలుగు జపాన్ కంపెనీలు మన కంపెనీలతో చేతులు కలిపాయి.

డీసీఎం టయోటా: ఉత్తర్‌ప్రదేశ్‌లోని సూరజ్‌పూర్ ప్లాంట్. 1990ల మధ్యలో కొరియా కంపెనీ డేవూ చేతికి పోయింది. ఆ తర్వాత డేవూ సీలో కారు వచ్చింది అదే ప్లాంట్ నుంచి. తర్వాత డేవూ కూడా మునిగింది.

ఆల్విన్ నిస్సాన్: ఇది అచ్చంగా మన బండి. ఫ్రిజ్‌లు, వాచీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్, నిస్సాన్ కలిసి జహీరాబాద్‌లో తయారు చేశాయి. 1980ల చివర్లో మహీంద్రా తీసుకుంది. జహీరాబాద్ ప్లాంట్ ఇప్పటికీ మహీంద్రాదే.

స్వరాజ్ మజ్దా: పంజాబ్. తర్వాత ఎస్‌ఎంఎల్ ఇసుజు అయింది. 2025లో దీన్ని కూడా మహీంద్రా కొనేసింది.

ఐషర్ మిత్సుబిషి: మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్. క్యాంటర్ పేరుతో నిలబడిపోయింది.

వీటికి పోటీగా టాటా 1986లో 407ని దింపింది. అది ఇప్పటికీ అమ్ముడవుతోంది.

ఇందులో మనకి కావాల్సిన పాయింట్ ఒక్కటే: 407కి, ఐషర్‌కి పార్టులు వరంగల్‌లో దొరుకుతాయి. డీసీఎం టయోటాకి, ఆల్విన్ నిస్సాన్‌కి వెనక కంపెనీ లేదు. ఫోన్ భాషలో చెప్పాలంటే ఇవి అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్లు, పైగా డిస్‌ప్లే కూడా దొరకదు. బేరింగులు, సీళ్లు, బ్రేక్ లైనర్ల లాంటివి కొలత పట్టుకుని వెతికితే ఏదో ఒకటి సరిపోతుంది. ముందు అద్దం, డోర్ గ్లాసు, గ్రిల్లు, లైట్ల ఫ్రేములు, మీటర్ బోర్డు అలా దొరకవు. పాత ఇనుప సామాను కొట్లలో అదృష్టం కొద్దీ దొరకాలి.

అందుకే పాత బండి ఫొటోల్లో నేను ముందు చూసేది ఏముందని కాదు, ఏం లేదని. ఈ లిస్టింగ్‌లో ముందు అద్దం పగల్లేదు, గ్రిల్లు ఉంది. ఎడమ హెడ్‌లైట్ ఫ్రేము లేదు. డ్యాష్‌బోర్డు ఫొటో జూమ్ చేస్తే మీటర్ ఉండాల్సిన చోట ఖాళీ, అందులోంచి వైర్లు వేలాడుతున్నాయి. పార్టులకి 20కి 11.

నంబర్ ప్లేటే మొదటి స్పెక్ షీట్

ఫొటోలో ప్లేట్ మీద ఏపీ 36 అని ఉంది. అది పాత వరంగల్ జిల్లా కోడ్. పెద్దవంగర కూడా 2016లో జిల్లాలు విడిపోయేదాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఆ తర్వాతే మహబూబాబాద్‌కి వచ్చి మండలమైంది. అంటే బండి లోకల్, మంచిదే. కానీ రాష్ట్రం అక్షరాలు, తర్వాత అంకె ఉండే ఈ పద్ధతి 1989లో మొదలైంది. మరి 1988 మోడల్‌కి ఈ నంబర్ ఎలా వచ్చింది? రెండే దారులు: ఒకటి, తర్వాత నంబర్ మార్చారు. రెండు, మోడల్ ఇయర్ తప్పు.

ఆర్‌సీ ఫొటో అడిగాం. తయారైన సంవత్సరం 1990. రెండేళ్లే కదా అనిపిస్తుంది. బండికి దాంతో నష్టమేమీ లేదు. కానీ ఆర్‌సీలో కళ్లెదురుగా ఉన్న అంకెనే మార్చి రాస్తే, మిగతా "క్లియర్" ఎంత క్లియరో అనే డౌట్ రావాలి.

మీరూ ఇలాగే చూడండి. 2014 తర్వాతైతే టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. 1980ల బండికి టీఎస్ నంబర్ ఉంటే అది వేరే రాష్ట్రం నుంచి వచ్చిందా అని అడగండి. ఢిల్లీ వైపు నుంచి వచ్చే బండ్లతో ఇంకాస్త జాగ్రత్త. అక్కడ 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలుండటంతో చవగ్గా బయటికి వస్తాయి. ఆ 10 ఏళ్ల రూల్ మన దగ్గర లేదు, నిజమే. కానీ అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ లేకపోతే ఇక్కడ పేరు మారదు.

"పేపర్లు క్లియర్" అంటే ఏంటి?

ఎం-పరివాహన్ యాప్, తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైట్, ఈ రెండింట్లోనూ నంబర్ కొట్టి చూడండి. మరీ పాత బండ్ల వివరాలు కొన్నిసార్లు కంప్యూటర్‌లోకి ఎక్కి ఉండవు. అప్పుడు ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి కనుక్కోవాల్సిందే. వివరాలు కనపడకపోవడం కూడా ఒక సమాచారమే.

మా బండి విషయంలో తేలినవి ఇవి.

ఓనర్ పేరు: లిస్టింగ్ పెట్టినాయన పేరు కాదు. అడిగితే "ఓపెన్ సంతకాలున్నాయి బ్రదర్" అన్నాడు. అంటే 29, 30 ఫారాలు ఖాళీగా సంతకం పెట్టించుకుని చేతులు మారుస్తున్నారన్నమాట. ఇలాంటి బండి ఎంతమంది దగ్గర తిరిగినా రికార్డులో మొదటాయనే ఓనర్. ఆయన కాలం చేసి ఉంటే ఆ సంతకాలు చెల్లవు, వారసులు ఫారం 31తో రావాలి.

హెచ్‌పీ: ఆర్‌సీ మీద ఒక ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉంది. అప్పు ఎప్పుడో తీరిపోయి ఉండొచ్చు. కానీ ఆ కంపెనీ ఫారం 35 ఇస్తేనే ఆ పేరు తీసేస్తారు. పాత ఫైనాన్స్ కంపెనీ మూతపడి ఉంటే ఆ కాగితం కోసం తిరగడమే ఒక ప్రాజెక్ట్.

ఫిట్‌నెస్: 2016లో అయిపోయింది. సరుకు రవాణా బండికి ఫిట్‌నెస్ లేకపోతే, మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ చెల్లనట్టే లెక్క. పైగా 15 ఏళ్లు దాటిన రవాణా బండ్ల ఫిట్‌నెస్ రెన్యువల్ ఫీజులు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగాయి.

ట్యాక్స్: బండి మూలన పడి ఉంది కాబట్టి ట్యాక్స్ ఉండదు అనుకుంటారు. బండి నడపడం లేదని ముందుగా రాసిచ్చి ఉండాలి. ఇవ్వకపోతే బకాయి, దానిమీద జరిమానా పెరుగుతూనే ఉంటాయి. బండితో పాటు అది కూడా కొన్నవాడి నెత్తినే పడుతుంది.

ఇంకో మాట, "యాంటిక్" గురించి. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి ప్రత్యేక రూల్స్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి ఉండాలి, సొంత వాడకానికి ఉన్న టూవీలరో ఫోర్‌వీలరో అయ్యుండాలి, పెద్దగా మార్పులు చేయకుండా ఉండాలి. రిజిస్ట్రేషన్ ఫీజు 20,000. మామూలుగా రోడ్ల మీద రోజూ తిప్పడానికి వీల్లేదు, వ్యాపారానికి అసలే వాడకూడదు. 1990 బండికి 50 ఏళ్లు నిండేది 2040లో. పైగా ఇది సరుకు బండి. కాబట్టి యాంటిక్ అనే మాటకి ఇక్కడ కాగితం మీద విలువ ఏమీ లేదు. ఫుడ్ ట్రక్‌గా మార్చాలన్నా ముందే ఆర్టీవో అనుమతి తీసుకోవాలి.

కాగితాలకి 40కి 8.

ఫొటోల్లో ఉన్నది, దాచింది

11 ఫొటోల్లో 7 ముందువైపువే. కొత్త నీలం పెయింట్, ఎండలో తళతళ. క్యాబిన్ లోపలివి 2, వెనక నుంచి 2. బండి కిందవి ఒక్కటీ లేదు. పాత లారీకి వెన్నెముక కిందే ఉంటుంది: రెండు పొడుగు ఛాసిస్ పట్టీలు, వాటి మధ్య అడ్డ పట్టీలు. వెనక కమాన్ పట్టీలు బిగించే చోట, బాడీ చెక్కలు ఆనుకునే చోట నీళ్లు, మట్టి నిలిచి తుప్పు మొదలవుతుంది. ఎరువులు మోసిన బండైతే ఇంకా తొందరగా తింటుంది. క్యాబిన్‌లో అయితే కాళ్లు పెట్టే చోటు, డోర్ల అడుగు అంచు, బ్యాటరీ కింది తట్ట చూడాలి.

ఫోన్ కెమెరాల సంగతి తెలిసినవాళ్లకి ఇక్కడ ఒక అడ్వాంటేజ్ ఉంది.

ఒకటి, ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. అప్పుడే ఒరిజినల్ రిజల్యూషన్, తీసిన తేదీ ఉన్నది ఉన్నట్టు వస్తాయి. మామూలుగా పంపితే కంప్రెషన్‌లో తుప్పు కూడా నున్నగా కనపడుద్ది.

రెండు, ప్రతి ఫొటోనీ గూగుల్ లెన్స్‌లో వేయండి. అదే బండి వేరే ఊరిలో, వేరే ధరకి కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

మూడు, ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ ఏఐ ఎరేజర్ ఉంది. చిన్న తూటు చెరిపేయడం 5 సెకన్ల పని. అందుకే ఫొటో కంటే ఆపకుండా తీసిన వీడియో మేలు. ముందు నంబర్ ప్లేట్ చూపించి, అక్కణ్నుంచి కట్ లేకుండా బండి చుట్టూ, తర్వాత కింద తీయమనండి.

నాలుగు, రాత్రిపూట రెండో ఫోన్ టార్చ్‌ని డోర్ రేకుకి ఆనించి, వెలుతురు పక్కగా పడేలా పెట్టి ఫొటో తీయమనండి. పుట్టీ పెట్టిన చోట అలలు కనపడతాయి. పగలు ఎదురుగా తీస్తే అవి దాక్కుంటాయి.

ఇవన్నీ అడిగితే అమ్మేటాయనకి కోపం వస్తుందేమో అని మావాడి భయం. మర్యాదగా అడిగితే రాదు. మేం పంపిన మెసేజ్ ఇది, మీరూ వాడుకోవచ్చు: "అన్నా నమస్తే. బండి నచ్చింది. చూడ్డానికి రావాలంటే ముందు ఈ నాలుగు పంపగలరా? ఆర్‌సీ రెండు వైపులా, ఛాసిస్ మీద కొట్టిన నంబర్ దగ్గరగా, బండి కింద వీడియో, పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసే వీడియో. ఓనర్‌గారు ఎప్పుడుంటారో చెబితే అప్పుడే వస్తాం."

రెండు రోజులకి వీడియోలు వచ్చాయి. ఛాసిస్ నంబర్ ఆర్‌సీతో కలిసింది, అది పెద్ద ప్లస్. కానీ కుడివైపు పట్టీ మీద, వెనక కమాన్ బిగించే చోటికి జానెడు ముందు, ఒక రేకు ముక్క అతికించి వెల్డింగ్ చేసి, పైన కొత్త నల్ల పెయింట్ కొట్టారు. బండి మొత్తం దుమ్ముగా ఉండి ఒక్కచోటే పెయింట్ మెరుస్తుంటే చూడాల్సింది అక్కడే. ఛాసిస్‌కి 30కి 12.

ఇంజిన్: యాప్‌లు పనిచేయని చోటు

ఓబీడీ స్కానర్ కొందామా అని అడిగాడు మావాడు. అవసరం లేదు. ఇది మెకానికల్ పంపు, నాజిళ్ల డీజిల్ ఇంజిన్. ఈసీయూ లేదు, సెన్సర్లు లేవు, స్కానర్ గుచ్చడానికి పోర్టు కూడా లేదు. కళ్లు, చెవులే స్కానర్.

వీడియో కాల్‌లో ఇంజిన్ సౌండ్ వినకండి. కాల్స్‌లో నాయిస్ సప్రెషన్ ఉంటుంది, మనకి కావాల్సిన టకటక శబ్దాన్నే అది తీసేస్తుంది. కెమెరా యాప్‌లో రికార్డ్ చేసి పంపమనండి. మొదట చెయ్యి ఇంజిన్ మీద పెట్టి చల్లగా ఉందని చూపించాలి, ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టాలి. పొగ కోసం స్లో మోషన్ బాగా పనికొస్తుంది. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ మండుతున్నట్టు. నల్ల పొగ అయితే పంపు, నాజిళ్లు, గాలి ఫిల్టర్ వైపు చూడాలి. తెల్ల పొగ చలికి కాసేపు ఉండి పోతే పర్వాలేదు, వేడెక్కాక కూడా ఉంటే అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయమనండి. అక్కణ్నుంచి పొగ దమ్ దమ్‌మని కొడితే బోర్‌కి వచ్చినట్టే.

ఈ బండి నాలుగో సెల్ఫ్‌కి స్టార్టయింది. తెల్ల పొగ నిమిషంలో పోయింది. మూత దగ్గర కొంచెం ఆవిరి, అంతే. ఈ వయసుకి మంచి ఇంజిన్. 10కి 7.

డబ్బు లెక్క

కనిష్ఠ ధర కనుక్కోవడం తేలిక. ఆర్‌సీలో అన్‌లేడెన్ వెయిట్ ఉంటుంది, దాన్ని ఆరోజు ఇనుము రేటుతో గుణించండి. బరువు 2,300 కిలోలు, కిలో 30 రూపాయలు అనుకుంటే 69,000. తుక్కుగా దాని విలువ అంతే. దానిపైన మీరిచ్చే ప్రతి రూపాయీ కాగితాలకీ, మంచి ఛాసిస్‌కీ, దొరకని పార్టులకీ ఇస్తున్నట్టు.

ఇక ఖర్చు. షెడ్లలో అడిగి మేం వేసుకున్న అంచనా: ఛాసిస్ పని 40,000, క్యాబిన్ టింకరింగ్, పెయింట్ 70,000, ఆరు టైర్లు 54,000, బ్రేకులు, క్లచ్ 35,000, వైరింగ్, బ్యాటరీ 25,000. మొత్తం 2,24,000. పాత బండి విప్పాక బయటపడే వాటికి ఇంకో 30 శాతం పక్కన పెట్టాలి, అది 67,000. బండి ధర కలిపితే 4,56,000. ఇందులో ట్యాక్స్ బకాయి లేదు, ఫిట్‌నెస్ ఫీజు లేదు, ఫుడ్ ట్రక్ సామాన్లు లేవు. చేతిలో ఉన్నది 2 లక్షలు.

ఈ లెక్క చూపించాకే మావాడు టోకెన్ మాట మానేశాడు. "అంటే అన్నా, బండి మంచిదే గని మనది కాదన్నట్టు." సరిగ్గా అంతే.

టోకెన్ దగ్గర ఆగండి

అమ్మేటాయన 10,000 యూపీఐ కొడితే బండి ఆపుతా అన్నాడు. ఆయన మోసగాడు అనడానికి నా దగ్గర ఏమీ లేదు. అయినా ఓనర్ ఎదురుగా లేకుండా, బండి చూడకుండా, రాతకోత లేకుండా టోకెన్ ఇవ్వకూడదు. డబ్బు తీసుకోవడానికి క్యూఆర్ స్కాన్ చేయమన్నా, పిన్ కొట్టమన్నా అది మోసమే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఫైనల్ వర్డిక్ట్

మొత్తం 100కి 38.

ప్లస్‌లు: నిజమైన డీసీఎం టయోటా, ఛాసిస్ నంబర్ కలిసింది, ఇంజిన్ బాగుంది, ముందు అద్దం, గ్రిల్లు ఉన్నాయి.

మైనస్‌లు: ఓనర్ అందుబాటులో లేడు, హెచ్‌పీ తీయలేదు, 2016 నుంచి ఫిట్‌నెస్ లేదు, ఛాసిస్‌కి అతుకు, పార్టులు దొరకవు.

1,65,000కి స్కిప్. ఓనర్ స్వయంగా వచ్చి, ఫారం 35 తెచ్చి, ట్యాక్స్ బకాయి తనే కడితే 90,000 దాకా పెట్టొచ్చు. అదీ షెడ్డు, ఓపిక, ఇంకో 3 లక్షలు ఉన్నవాళ్లు మాత్రమే. సంపాదన కోసం బండి కావాలంటే కాగితాలు బతికున్న 407 వెతుక్కోండి. మావాడు ఇప్పుడు చూస్తున్నది అదే. ఈసారి లింక్‌తో పాటు ఆర్‌సీ ఫొటో కూడా పంపుతున్నాడు.